గార్డు చేతిలో జోడు గొట్టాల తుపాకీ

కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. గాలిలో రాతిపొడికి కరువు లేదు. ఇలాంటి చోట బ్యాంకు గుమ్మం దగ్గరి గార్డు, చాలాసార్లు మాజీ సైనికుడే, తన 12 బోరు తుపాకీని తళతళలాడించాడంటే మెచ్చుకోవాల్సిందే.

తూటాలు తీసేసి, రెండు గొట్టాలూ ఖాళీయేనని కంటితో చూసి, వేలితో తడిమి నమ్మాకే అతను పని మొదలుపెడతాడు. గొట్టాలను విడదీసి, కడ్డీకి కంచు బ్రష్ బిగించి, తూటా పెట్టే వైపు నుంచే తోస్తాడు. మూతి వైపు నుంచి తోస్తే అక్కడి అంచు అరుగుతుంది. తర్వాత చిందీ, అంటే పటాలంలో అలవాటైన గుడ్డపేలిక. అది తెల్లగా బయటికొచ్చేదాకా మార్చి మార్చి తోస్తాడు. చివర గొట్టాలను వెలుతురుకెత్తి లోపలికి చూస్తాడు.

పేల్చని తుపాకీకి ఇదంతా ఎందుకంటారా? చేతిచెమటలోని ఉప్పు చాలు, ఇనుము తుప్పు పట్టడానికి. అలాగని నూనె కుమ్మరించకూడదు. మన రాతిపొడి అందులో కలిస్తే సానపిండే! పలుచగా పూసి తుడిచెయ్యాలి. మడతబందు దగ్గర చిటికెడు గ్రీజు, కట్టె మడమకు అవిసె నూనె. మూతి కిందికి పెట్టి నిలబెడితే మిగిలిన నూనె కట్టెలోకి దిగదు.

పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్న రైతుకూ ఇదే పద్ధతి. ఎన్నికలప్పుడు పోలీసుస్టేషనులో అప్పగించిన తుపాకీ వారాల తర్వాత చేతికొస్తే, ముందు అందుకోవాల్సింది తూటా కాదు, చిందీ.