పల్లవికి మరలు మనస్సు

పాపమునందు సుఖమే లేదని బోధించుట సులభము; విను వారు దానిని నమ్ముట కష్టము. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలోని పదునొకండవ అధ్యాయము ఆ సులభమార్గమును త్రొక్కలేదు. ఫరో కుమార్తె యింట పెరిగిన మోషే, స్వల్పకాలము నిలుచు పాపభోగమును విడిచి దేవుని ప్రజల కష్టములలో పాలు పంచుకొనుటనే కోరుకొనెనని చెప్పుచు, భోగమును భోగమనియే అది ఒప్పుకొన్నది. దాని ఆయుర్దాయము కొద్దియని మాత్రము హెచ్చరించినది. తెలుగు క్రైస్తవ కీర్తన ఈ నిజాయితీని వారసత్వముగా గైకొని, నిషేధముచేత గాక అనురాగముచేత మనస్సును మరల్చు గానశిల్పమును సాధించినది.

ఆ గానము వినవచ్చు చోట్లలో ఒకటి డోర్నకలు; మానుకోటలో రైలెక్కి గుండ్రాతిమడుగు, గార్ల దాటినచో అది వచ్చును. తిరునెల్వేలి సీమనుండి 1909లో ఇచ్చటికి సేవకై వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయుడైనాడు. తాను తమిళుడయ్యును తెలుగు నేర్చి, తెలుగు కీర్తనలను ఆరాధనలో ప్రోత్సహించినాడు. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు దేవాలయమునందు ఆలయస్తంభముల పోకడయు, మసీదు గుమ్మటముల ఛాయయు, సిలువయు ఒక్కచోట నొదిగియుండుట చూచినవారికి, ఆ లోపల వినవచ్చు పాట శంకరాభరణములోనో ఆనందభైరవిలోనో ఉండుట వింతగా తోచదు.

ఆ పాటకు ఆద్యుడు మాత్రము డోర్నకలు వాడు కాడు. 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి, పాశ్చాత్య స్తోత్రగీతముల అనువాదములకు తెలుగు నాలుక లొంగని కాలమున, పల్లవి, అనుపల్లవి, చరణములు గల దేశీయ కీర్తననే క్రీస్తు సన్నిధికి కొనిపోయినాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున నేటికిని పాటల తలపై రాగతాళముల పేర్లు అచ్చగుచుండుట ఆ మార్గపు ఫలమే.

ఇక శిల్పమును గూర్చి. ఇందు మొదటిది తన మనస్సును తానే సంబోధించుకొనుట. రామదాసు, త్యాగరాజు చూపిన ఈ త్రోవలో గాయకుడు లోకమునకు గురువు కాడు. తన మనస్సును మాత్రమే మందలించువాడు. పొరుగువాని పాపము ఈ పాటలోనికి ప్రవేశింపదు. ప్రసంగవేదికపై నిలిచి నిందించు నోటికి లేని అధికారము, తనను తానే గద్దించుకొను గొంతునకు కలదు. రెండవది ప్రభువును పిలుచు తీరు. నాథుడు, ప్రియుడు, పెండ్లికుమారుడు అను పిలుపులకు బైబిలులోని పరమగీతము ఆధారము కాగా, క్షేత్రయ్య పదములు విన్న తెలుగు చెవి వానికి సిద్ధముగానే యుండెను. ఇచ్చట పాపము కేవలము ఆజ్ఞాతిక్రమణము కాదు, ప్రియునియెడ ద్రోహము. తప్పు చేసినవాడు దండనకు భయపడుట వేరు, ప్రేమించిన ముఖము చిన్నవోవునని కుములుట వేరు. కీర్తనకారుడు ఎన్నుకొన్నది ఈ రెండవదానినే.

అన్నిటికంటె గొప్ప ఉపాయము పల్లవియందున్నది. చరణము లోకములోనికి పోవును: ధనము, యౌవనము, కీర్తి, దేహసుఖము, ఒక్కొక్కదాని నది తడవి చూచును. చరణాంతమున, సాయంకాలమున ఆవు తన కట్టుకొయ్యకు మరలినట్లు, గొంతు పల్లవికి మరలును. అచ్చట క్రీస్తు నామమున్నది. మూడు చరణములు పాడినవాడు ముమ్మారు వెడలి ముమ్మారు మరలివచ్చును. వాదన యేమియు లేదు. వస్తువుల వెలను నిర్ణయించునది ఆ మరలుటయే. పైగా పల్లవి ప్రతిసారి ఒక్కటే యైనను అర్థమున ఒక్కటి కాదు. మొదట ప్రార్థనగా వినబడినది, లోకమును చుట్టివచ్చిన పిదప నిశ్చయముగా వినబడును. చరణములను కుదించి పాడువారు ఈ ప్రయాణమునే కుదించుచున్నారు. రాగతాళములు దీనికి తోడ్పడును: పశ్చాత్తాపమునకు ముఖారి వంటి కరుణరాగము, విలంబగతి, కృతజ్ఞతకు చేతితాళములు పరుగెత్తు నడక. అంత్యప్రాస యలంకారము మాత్రమే కాదు. చదువు రానివారికి అది జ్ఞాపకపుస్తకము. అజరయ్య మేత్రాసనమున చేరినవారిలో పెక్కురు అక్షరము దక్కని మాల మాదిగ కుటుంబములవారు. వారి వేదాంతము వారి కంఠములందే యుండెను.

ఆ వేదాంతము గాలిలో తేలునది కాదు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిపై అజరయ్య యుద్ధము ప్రకటించినాడు. దినమంతయు వెట్టి చేసిన కూలివానికి కల్లు భోగమో ఉపశమనమో తేల్చుట కష్టమే. కల్లుముంతను లాగివేసి రిక్తహస్తముతో నిలిపినచో అతడు మరునాడే దానికడకు పోవును. కాని రాత్రి వాడలో దీపముచుట్టు కూడిన భజన అతనికి తోడును, గౌరవమును, తన పేరెరిగిన ప్రభువును ఇచ్చినది. పోగొట్టుకొన్నదానికంటె పొందినది మిన్న యనిపింపనిదే ఎవ్వడును దేనిని విడువడు. చెరసాలనుండి ఫిలిప్పీయులకు వ్రాసిన పౌలు, తన లాభములనెల్ల క్రీస్తు నిమిత్తము నష్టముగా ఎంచినది ఈ లెక్కతోనే. రాజసన్మానమును కాదని భగవంతునికే తన కావ్యము నర్పించెనని బమ్మెర పోతనను తలచు ఈ సీమవారికి ఆ లెక్క పరాయిది కాదు.

నేటి క్రొత్త పాటలలో మాధుర్యమునకు కొదువ లేదు. వాద్యములు పెరిగినవి, గొంతులు మెరుగైనవి. కాని పెక్కింటియందు గాయకుడు తన కష్టములను తీర్చుమని అడుగునే గాని తన మనస్సును ప్రశ్నింపడు. మేలులనిచ్చువానికంటె మేలులే ప్రియమైనపుడు, భక్తియు భోగముయొక్క మరియొక రూపమే యగునని నా అభిప్రాయము. కావున గాయకబృందములను నడుపువారికి ఒక విన్నపము: శ్రమల కాలమున మాత్రమే గాక ప్రతి ఆదివారమున ఒక పాత పశ్చాత్తాప కీర్తనను, అచ్చులో నున్న రాగతాళములతో, ఒక్క చరణమును విడువక, సంఘమంతటిచేత పాడింపుడు.