గుండె మొదట్లో గుడ్డ గొట్టం

గుండె ఎడమ జఠరిక నుంచి ఒంటికంతటికీ రక్తం మోసుకుపోయే బృహద్ధమని, మొదట్లో కొంచెం ఉబ్బెత్తుగా ఉండి, మూడు రెక్కల కవాటాన్నీ, గుండె కండరానికి రక్తమందించే రెండు కరోనరీ ధమనుల ముఖద్వారాలనూ తనలో ఇముడ్చుకుంటుంది. ఆ భాగమే బృహద్ధమని మూలం. మార్ఫాన్ వంటి వంశపారంపర్య వ్యాధి వల్లనో, మరో కారణం వల్లనో దాని గోడ సాగి, వ్యాసం 5.5 సెంటీమీటర్లకు, మార్ఫాన్ రోగుల్లో 5 సెంటీమీటర్లకు చేరితే, పొరలు చీలి ప్రాణం పోయే ప్రమాదం పెరుగుతుంది కనుక సాధారణంగా మూలాన్ని మారుస్తారు.

1968లో లండన్‌లో హ్యూ బెంటాల్, ఆంథొనీ డి బోనో వెల్లడించిన పద్ధతిలో, చివరన కృత్రిమ కవాటం కుట్టిన గుడ్డ గొట్టాన్ని మూలం స్థానంలో అమర్చి, ఆ గొట్టానికి చేసిన రంధ్రాల అంచులకు కరోనరీ ముఖద్వారాలను కలిపి కుట్టారు. ఇప్పుడు ఇటువంటి గొట్టాలకు వాడే డాక్రాన్ అంటే సిరిసిల్ల మరమగ్గాలకు బాగా అలవాటైన పాలిస్టరే. ఎంత బిగువుగా నేసినా గుడ్డలో సందులుంటాయన్నది నేతవారికి చెప్పనక్కరలేని సంగతి. ఆ సందుల్లోంచి రక్తం కారకుండా తొలి రోజుల్లో గొట్టాన్ని రోగి రక్తంతోనే తడిపి గడ్డకట్టనిచ్చేవారు, తరువాత కొల్లాజెన్, జెలటిన్ పూతలు వచ్చాయి. ముఖద్వారాల దగ్గర కుట్టు లాగుడుకు గురై రక్తస్రావం అవుతున్నందున, వాటి చుట్టూ ఉన్న గోడను గుండీల్లా గుండ్రంగా కత్తిరించి, వదులు చేసి కుట్టే మార్పు స్థిరపడింది. ఈ చికిత్సలో అన్నిటికంటే సున్నితమైన కుట్టు అదే.

బెంటాల్ పద్ధతిలో లోహ కవాటం పెడితే జీవితాంతం రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర వాడుతూ, గడ్డకట్టే తీరును కొలిచే ఐ.ఎన్.ఆర్. విలువ సాధారణంగా 2, 3 మధ్య నిలిచేలా తరచూ పరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు తినడంలో హెచ్చుతగ్గులు వచ్చినా ఆ విలువ మారిపోతుంది. మేడిపల్లి, కోరుట్ల ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లే యువకుడికీ, వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక బిడ్డను కనాలనుకునే బీడీ కార్మికురాలికీ ఇది చిన్న షరతు కాదు. అందుకే 1992లో టొరంటో వైద్యులు టైరోన్ డేవిడ్, క్రిస్టఫర్ ఫైండెల్ ప్రచురించిన పద్ధతికి, అంటే రోగి సొంత కవాటాన్ని ఉంచి దానినే గుడ్డ గొట్టం లోపల తిరిగి కుట్టే పద్ధతికి, ఇటువంటి రోగుల విషయంలో మొదటి స్థానం ఇవ్వడం న్యాయం. జంతు కణజాల కవాటానికి దీర్ఘకాలం వార్ఫరిన్ అక్కరలేకపోయినా, అది యువకుల్లో త్వరగా అరిగిపోతుంది.

అయితే రెక్కలు మెత్తగా, చెడకుండా ఉంటేనే డేవిడ్ పద్ధతి సాధ్యం. పైగా అది ఎక్కువసేపు పట్టే పని. కుట్టు ముగిశాక అన్నవాహిక గుండా ఎకో తీసి చూసినప్పుడు లీకు గణనీయంగా మిగిలి, సరిదిద్దడానికి వీలుకాకపోతే, గుండెను మళ్లీ ఆపి రెక్కలను తీసేసి కృత్రిమ కవాటం పెట్టవలసి వస్తుంది కనుక, ఏ కవాటమో రోగితోనూ ఇంటివారితోనూ ముందురోజే తేల్చుకుని ఉండాలి.