ఎండని చేప చుట్టూ

ఏడు చేపల కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి తలా ఒక చేప తెస్తారు. ఎండబెడతారు. ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే అది గడ్డిమోపు మీదకు నెడుతుంది. గడ్డిమోపు ఆవు పేరు చెబుతుంది, ఆవు పశువుల కాపరి పేరు, కాపరి అవ్వ పేరు, అవ్వ ఏడ్చే పిల్లాడి పేరు, పిల్లాడు చీమ పేరు. చీమ మాత్రం నెపం ఎవరి మీదా పెట్టదు. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని ఎదురు అడుగుతుంది. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకైతే ఇదే కథను రెండు వారాలపాటు చెప్పడమే కాదు, చేయించవచ్చు. అలా చేయించాలనే నేను అంటాను.

ఇలాంటివి గొలుసుకథలు. ప్రపంచమంతటా ఉన్నాయి. జానపద కథలను వర్గీకరించిన ఆర్నె–థాంప్సన్ సూచికలో 2000 అంకెతో మొదలయ్యే విభాగం వీటిదే. ఇంగ్లండులో ముసలమ్మ, ఆమె పంది కథ ఈ కోవలోదే. జోసెఫ్ జేకబ్స్ 1890లో వేసిన ఇంగ్లిష్ కథల సంపుటిలో అది ఉంది. పంది కంచె దాటనంటుంది, కుక్క పందిని కరవనంటుంది, కర్ర కుక్కను కొట్టనంటుంది. అలా సాగి సాగి, చివరికి పిల్లి పాలు తాగి ఎలుక వెంట పడగానే గొలుసు మొత్తం వెనక్కి తిరుగుతుంది, పంది కంచె దూకుతుంది. మన కథ వెనక్కి తిరగదు. చీమ దగ్గరే ఆగుతుంది. చేప ఇంకా తడిగానే ఉంది. దాన్ని ఎండబెట్టే పనిని కథ పిల్లలకు వదిలేసింది.

బళ్లలో ఈ కథకు తోడుగా సాధారణంగా ఇచ్చేది చేప బొమ్మ అచ్చువేసిన కాగితం. గీత దాటకుండా రంగు వేయాలి, పైన ఏడు అంకె దిద్దాలి. ఫొటోకు బాగుంటుంది, అమ్మానాన్నలకు చూపించడానికీ బాగుంటుంది. కానీ ఆ కాగితంలో కథ ఎక్కడుంది? చేప బదులు మామిడిపండు ఉన్నా పిల్లలు అదే పని చేస్తారు. కథను ఆధారం చేసుకుని ఏ పని తలపెట్టినా టీచర్ తనను తాను ఒక ప్రశ్న అడగాలి: ఈ పని చేశాక పిల్లలకు కథలో కొత్తగా ఏదైనా కనిపిస్తుందా? కనిపించకపోతే అది అలంకారమే.

ఈ కథలో అన్నిటికన్నా విలువైన పని ఎండబెట్టడం. దాన్నే ముందు పట్టుకోవాలి.

పాత పంచె ఒకటి తీసుకుని జానెడు పొడవున్న ఏడు చేపలు కత్తిరించాలి. కత్తెర పని పెద్దవాళ్లది, మిగతాదంతా పిల్లలది. బేసిన్‌లో నీళ్లు పోసి చేపలను వాళ్లే తడపాలి, వాళ్లే పిండాలి. తడిగుడ్డ పిండాలంటే రెండు చేతులూ చెరోవైపు తిరగాలి, మణికట్టు మెలిపడాలి. నాలుగేళ్ల పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. బలపం పట్టడానికి ముందు ఆ చేతికి ఇలాంటి పనులు ఎన్నో జరగాలి. తర్వాత పిల్లల భుజాల ఎత్తులో దండెం కట్టి క్లిప్పులతో చేపలను తగిలించనివ్వాలి. క్లిప్పు నొక్కేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిసి బలం పెడతాయి. రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. ఆరు చేపలు దండెం మీదకు వెళ్తాయి, ఏడోది నేల మీద గడ్డిమోపు కిందకు. గడ్డి దొరకని ఊళ్లో గోనెసంచి మడత పెట్టినా సరిపోతుంది.

ఇక్కడ టీచర్ నోరు కట్టేసుకోవాలి. ఏది ముందు ఎండుతుందో, ఏది ఎండదో పిల్లలే అనుకోవాలి. తాము అనుకున్న చేప దగ్గర ఒక గులకరాయి పెట్టాలి. కాసేపటికోసారి వెళ్లి చెంపకు ఆనించి చూడాలి, ఎందుకంటే కొద్దిపాటి తడి అరచేతికన్నా చెంపకు బాగా తెలుస్తుంది. గడ్డి కింది చేప ఇంకా చల్లగా ఉందని తెలిసినప్పుడు పిల్లలు రకరకాల కారణాలు చెబుతారు: దానికి ఎండంటే భయం, అది చిన్న చేప, దానికి నిద్రొచ్చింది. ఏదీ తప్పని కొట్టేయనక్కర్లేదు. గడ్డి తీసేసి చూద్దామా అంటే చాలు. తీశాక ఎండిందని చూసిన పిల్లలకు గడ్డిమోపు సంగతి కథలోంచి వాకిట్లోకి వస్తుంది.

మర్నాడు అదే పనిని కాస్త మార్చి చేయించాలి. ఒక చేప నీడలో, కానీ గాలి తగిలేచోట. ఒకటి తువ్వాలు గుడ్డతో చేసినది. ఒకటి సరిగ్గా పిండనిది. ముసురు పట్టిన రోజయితే ఇంకా మంచిది, ఏడింటికి ఏడూ ఎండవు. అప్పుడు గడ్డిమోపును నిందించడం కుదరదు, వేరే కారణం వెతకాల్సిందే. ఒకే ఫలితానికి వేర్వేరు కారణాలు ఉంటాయన్న ఆలోచన ఈ వయసులో మాటలతో ఎక్కదు. తడిగుడ్డ ముట్టుకుంటే ఎక్కుతుంది.

ఈ పాఠానికి ఊరంతా తోడు వస్తుంది. ఉప్పాడ దగ్గరో నిజాంపట్నం దగ్గరో పెరిగే పిల్లలు చేపలు ఎండబెట్టడం రోజూ చూస్తారు. ఇసుక మీద పరిచి, మధ్యమధ్యలో తిరగేసే ఆడవాళ్లు వాళ్ల అమ్మలూ అమ్మమ్మలే. ఆ పిల్లల్లో ఒకరిని బడిలో టీచర్ పక్కన నిలబెట్టి చెప్పమనాలి, ఎందుకు తిరగేస్తారో. సముద్రం లేని ఊళ్లో వడియాలున్నాయి, చల్ల మిరపకాయలున్నాయి, వేసవిలో మేడల మీద ఎర్రగా పరుచుకునే మిరపకాయలున్నాయి. మీ ఇంట్లో ఏం ఎండబెడతారు అని ఒక్కమాట అడిగితే, మర్నాడు ఎవరో ఒక నానమ్మ కొంగుచాటున వడియాల పిండి గిన్నెతో బడికి వస్తుంది. ఆమెకన్నా మంచి టీచర్ ఆ రోజుకు దొరకదు.

చేతులతో నేర్పాలన్న ఆలోచనకు పేరున్న పెద్దలు ఉన్నారు. జర్మనీలో ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, ఉన్ని బంతులతో, చెక్క దిమ్మెలతో మొదలుపెట్టాడు. తల్లులు ఒడిలో పిల్లలతో ఆడించే వేళ్ల ఆటలనూ పాటలనూ 1844లో పుస్తకంగా వేశాడు. మన చెమ్మచెక్కకూ కాళ్లాగజ్జెకూ అది చుట్టమే. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో తన మొదటి బాలల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి ఎంతోమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. నీళ్లు వంచడం, గింజలు గరిటెతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, గుడ్డలు ఉతకడం ఆమె బడిలో పాఠాలు. అయితే ఆమెకు అద్భుత కథలంటే పడేది కాదు. ఏది నిజమో ఏది కల్పనో విడదీసుకోలేని వయసులో పెద్దల ఊహలను పిల్లల మీద రుద్దకూడదని ఆమె వాదన.

ఆమె మాటలో బలం ఉంది. కానీ ఏడు చేపల కథ ఆ వాదనకు లొంగదని నాకు అనిపిస్తుంది. ఇందులో చేపా గడ్డిమోపూ ఆవూ చీమా మాట్లాడతాయి, నిజమే. మిగతాదంతా ఇంటిపనే. ఎండబెట్టడం, గడ్డి వేయడం, ఆవును మేపడం, అన్నం పెట్టడం, ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడం. మాంటిస్సోరి బల్లల మీద సర్దిపెట్టిన పనుల్లాంటివే ఈ కథలో వరసగా ఉన్నాయి. భావనగర్‌లో వకీలు పని మానేసి పిల్లల బడి పట్టిన గిజుభాయి బధేకా ఈ రెండింటినీ విడదీయలేదు. 1920లో ఆయన మొదలుపెట్టిన బాలమందిర్‌లో మాంటిస్సోరి పద్ధతీ ఉంది, కథా ఉంది. తెలుగులో ‘పగటికల’గా వచ్చిన ఆయన ‘దివాస్వప్న’లో కొత్త మాస్టారు అల్లరి తరగతిని దారికి తెచ్చుకున్నది కథ చెప్పే.

ఎండబెట్టడం అయ్యాక ఆడించడం. దీనికి ఒక పొడవాటి తాడు కావాలి. చేప, గడ్డిమోపు, ఆవు, కాపరి, అవ్వ, పిల్లాడు, చీమ, మొత్తం ఏడుగురు. అడిగేవాళ్లు ఇంకొకరు. చాలాచోట్ల ఆ ప్రశ్నలు టీచరే అడిగి, పిల్లల చేత జవాబులు చెప్పిస్తుంది. అది తలకిందుల పని. ఈ కథలో అసలు పాత్ర అడిగేవాడిదే. ఒక్కో మెట్టూ వెనక్కి నడిచేది వాడే. అందుకే బాగా సిగ్గుపడే పిల్లకు ఆ పాత్ర ఇవ్వాలి. ప్రశ్న ప్రతిసారీ ఒకే అచ్చులో ఉంటుంది కాబట్టి మాట తడబడినా నిలదొక్కుకుంటుంది. ఆమె ఎవరిని అడిగితే వాళ్లు తాడు పట్టుకుంటారు. చీమ దాకా చేరేసరికి ఏడుగురూ ఒకే తాడు మీద ఉంటారు. అప్పుడు చీమ తాడును మెల్లగా లాగితే ఆ కదలిక అటు చివరన చేప చేతికి తెలుస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఉన్న దూరం ఇంతకన్నా స్పష్టంగా ఎలా చూపించగలం?

తర్వాత గొలుసును వెనక్కి తిప్పడం. పిల్లాడు పుట్టలో వేలు పెట్టలేదనుకుందాం, ఏమవుతుంది? చీమ కుట్టదు. పిల్లాడు ఏడవడు. అవ్వ అన్నం పెడుతుంది. కాపరి కడుపునిండా తిని ఆవును తోలుకెళ్తాడు. ఆవు గడ్డి తింటుంది. చేప ఎండుతుంది. ఆలోచనను వచ్చిన దారినే వెనక్కి నడిపించడం చిన్నపిల్లలకు కష్టమని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే గుర్తించాడు. నాలుగేళ్లవాళ్లు మధ్యలో ఆగిపోతారు, ఆగనివ్వండి. తాడు చేతిలో ఉంటే, పక్కన ఎవరున్నారో చూసి అయిదేళ్లవాళ్లు ముందుకు నెట్టుకొస్తారు. మధ్యలో ఒక్కరిని తాడు వదిలేయమని, అవ్వ ఊళ్లో లేదు అనుకుందామా అంటే కొత్త కథ పుడుతుంది. కాపరికి అన్నం ఎవరు పెట్టాలి? తనే వండుకోవాలి అనే పిల్లలుంటారు.

లెక్కల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పది దాకా గడగడా అప్పజెప్పే పిల్ల కూడా ఏడుగురు కొడుకులకు ఏడు ఆకులు వేయమంటే తడబడుతుంది. తలా ఒక చేప పంచుతూ ఉంటే కుదురుతుంది. చింతపిక్కలు మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి, ముక్కులోకో నోట్లోకో వెళ్తాయి. బాదం ఆకులు, పెద్ద గులకరాళ్లు మేలు. చెరువు మట్టో, ఉప్పు కలిపిన గోధుమపిండి ముద్దో ఇచ్చి ఆవునూ అవ్వనూ చేయమనండి. ఆవుకు మూడు కాళ్లే ఉంటే ఉండనివ్వండి, నిలబడకపోతే నాలుగోది వాళ్లే పెడతారు.

చీమకు ఇంకాస్త సమయం ఇవ్వాలి. గడపలో బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమలకు తిండి అవుతుందని మన ఇళ్లలో పెద్దలు చెప్పేవారు. పిల్లలతో వాకిట్లో ఒక మూల చిటికెడు బియ్యప్పిండి, పక్కన చిన్న బెల్లం ముక్క పెట్టించి, దూరంగా గొంతుక్కూచుని చూడమనాలి. ముందు ఏది కనిపెడతాయి, ఎలా వరస కడతాయి, తమకన్నా పెద్ద ముక్కను ఎలా లాగుతాయి, ఎక్కడికి తీసుకెళ్తాయి. వేలు పెట్టకూడదన్నది ఒక్కటే నియమం. ఆ దారి వెంట వెళ్లి పుట్ట కనుక్కున్న పిల్లలకు, చీమ మాట ఇక వేరేగా వినిపిస్తుంది. అది దాని ఇల్లు. తప్పు ఎవరిది అని అప్పుడు అడిగితే పిల్లలు రెండు జట్లుగా చీలిపోతారు. పిల్లాడికి తెలియదుగా అని కొందరు, చీమకు భయమేసిందిగా అని కొందరు. తీర్పు పెద్దవాళ్లు చెప్పకూడదు. రాజుగారి కొడుకులంటే శరీరంలోని సప్తధాతువులని వేదాంతార్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. అది పెద్దల ముచ్చట, పెద్దలకే ఉండనిద్దాం.

ఇదంతా ఖర్చుతో కూడిన పని కాదు. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో ఊరూరా వెలసిన అంగన్‌వాడీల్లో ఒక్క గదిలో మూడేళ్లవాళ్లూ అయిదేళ్లవాళ్లూ కలిసే ఉంటారు. ఈ కథకు అది లోటు కాదు. చిన్నవాళ్లు గుడ్డలు పిండుతారు, పెద్దవాళ్లు గొలుసు తిప్పుతారు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, ఆటకూ చేతిపనికీ పెద్దపీట వేసింది. కాగితం మీద ఉన్న ఆ మాటకు పాత పంచె, తాడు, గడ్డి తోడైతే తరగతి నడుస్తుంది. కోయ, సవర మాట్లాడే ఇళ్ల పిల్లలున్నచోట వాళ్ల ఇంటి అవ్వను పిలిచి ముందు వాళ్ల భాషలోనే చెప్పించాలి. తెలుగు జవాబులు ఆ తర్వాత వస్తాయి. అమెరికాలో ఆదివారం తెలుగు తరగతులకు వెళ్లే పిల్లలకూ ఇది బాగా పనికొస్తుంది. ఒకే ప్రశ్నను ఆరేడుసార్లు నోరారా అడిగే అవకాశం వాళ్లకు మరెక్కడా దొరకదు. దండెం లేని ఇంట్లో కుర్చీ వీపు చాలు. డ్రయ్యర్‌లో వేసిన చేప ఎందుకు అంత త్వరగా ఎండిందన్నది ఆ పిల్లలు తేల్చాల్సిన అదనపు ప్రశ్న.

రెండో వారం చివర్లో కొత్త గొలుసు కట్టమని అడగండి, రాజునూ చేపనూ పక్కన పెట్టి. బడి ఆటో ఎందుకు ఆలస్యమైంది? డ్రైవర్ మామ రాలేదు. మామ ఎందుకు రాలేదు? టైరులో గాలి పోయింది. గాలి ఎందుకు పోయింది? మేకు గుచ్చుకుంది. మేకును అడగమని ఒక పిల్ల లేస్తుంది. మేకు ఏం చెబుతుందో ఇంకో పిల్ల అప్పటికే ఆలోచిస్తూ ఉంటుంది.