చివరి సైకిలును బట్టి నడిచే జట్టు

ఫ్రాన్స్‌లో ఆడాక్స్ పద్ధతిలో సాగే సైకిల్ యాత్రల్లో ఒక నియమం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. ఎంత బలమున్నా సరే, కెప్టెన్‌ను దాటి ముందుకు పోకూడదు. గంటకు 22.5 కిలోమీటర్లు, అంతే. పోటీల్లో తొక్కేవాళ్లకు ఇది లెక్కలోకి రాని వేగం. కానీ పొద్దుటి నుంచి 200 కిలోమీటర్లూ అదే వేగాన్ని జట్టంతటికీ నిలబెట్టడం చిన్న విద్య కాదు. తొక్కడానికే దాదాపు 9 గంటలు పడుతుంది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు తినాలో ముందే నిర్ణయమై ఉంటుంది. కలిసి బయల్దేరినవాళ్లు కలిసే చేరుకుంటారు.

దీని పుట్టుక ఇటలీలో. 1897 జూన్ 12న కొందరు సైక్లిస్టులు రోమ్ నుంచి నేపుల్స్‌కు, సుమారు 230 కిలోమీటర్లు, పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు గుంకేలోపు చేరారు. టూర్ డి ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో ఈ ఆలోచనను తన దేశానికి తెచ్చి నిబంధనలు రాశాడు. అంత కఠినమైన పందేన్ని పుట్టించిన మనిషే, ఎవరూ గెలవని ఈ ప్రయాణాన్నీ తీర్చిదిద్దాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

జట్టుగా తొక్కడంలో అసలు కష్టం చదును రోడ్డు మీద కాదు, మలుపుల దగ్గర. ఇరవై మంది జంటలు జంటలుగా పోతున్నారనుకోండి. మలుపులో అందరూ వేగం తగ్గిస్తారు. ముందు జంట మలుపు దాటగానే మళ్లీ పాత వేగం అందుకుంటుంది. పదో జంట అప్పటికి ఇంకా బ్రేకు మీదే ఉంటుంది. మధ్యలో ఖాళీ సాగిపోతుంది. దాన్ని పూడ్చడానికి చివరివాళ్లు 30తో తొక్కాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం పెరిగిన కొద్దీ ఘనం లెక్కన పెరుగుతుంది. 22.5 నుంచి 30కి పోతే అది రెండింతలు దాటుతుంది. రోజంతా ఇలాంటి మలుపులు, సిగ్నళ్లు, ఊరి కూడళ్లు ఎన్ని వస్తాయో! ముందున్నవాళ్లకు తెలియకుండానే వెనకవాళ్ల కాళ్లు అయిపోతాయి. మధ్యాహ్నం ఎవరైనా చతికిలబడితే వాళ్లకు బలం చాల్లేదంటారు. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, ఉదయం ముందు తొక్కినవాళ్ల తొందరది.

అందుకే మంచి కెప్టెన్ మలుపు దాటాక కూడా కాసేపు నెమ్మదిగానే పోతాడు. చివరి సైకిలు వచ్చేసిందని వెనక నుంచి కేక వినబడ్డాకే వేగం పెంచుతాడు, అదీ కొద్దికొద్దిగా. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నవాళ్ల నడకలా అందులో కుదుపు ఉండకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు మీటరులో అంకె 15కు పడిపోయినా పట్టించుకోడు. పల్లంలో మాత్రం కాళ్లు ఆపడు. గాలికి ఎదురుగా ఉన్నది ముందు జంట మాత్రమే. తాను తొక్కడం మానేస్తే, గాలి మరుగున జారుతూ వస్తున్నవాళ్లంతా వచ్చి మీద పడతారు.

వెనక తొక్కేవాళ్ల విద్య వేరు. చూపు ముందు సైకిలు చక్రం మీద పెట్టకూడదు. ముందువాళ్ల భుజం మీదుగా దూరం చూడాలి. గుంత కనిపిస్తే చేత్తో చూపించి, కేకేసి, ఆ కబురు చివరిదాకా చేర్చాలి. మన ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకు దూరకూడదు. వాళ్లు కాస్త పక్కకు జరిగితే పడేది మనమే. ఎత్తులో సీటు మీంచి ఒక్కసారిగా లేచి తొక్కితే సైకిలు జానెడు వెనక్కి తగ్గినట్టవుతుంది. వెనకవాళ్ల చక్రం తగిలేది అప్పుడే. లేవబోయే ముందు ఒక మాట చెప్పాలి. ఆకలి కాకముందే తినడం, దాహం కాకముందే తాగడం ఎలాగూ తప్పదు.

1921లో దెగ్రాంజ్‌తో విభేదించిన ఆడాక్స్ క్లబ్ పారిజియెన్, ఎవరి వేగం వాళ్లదన్న మరో పద్ధతి మొదలుపెట్టింది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఆ గడువులోపు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకుంటూ ముగించాలి. ప్రపంచమంతా పాకింది ఈ శాఖే. హైదరాబాద్‌లో బ్రెవేలనే పేరుతో జరిగే గడువు యాత్రలూ ఇవే. ఇందులోనూ ర్యాంకులు లేవు. స్వేచ్ఛ ఉంది, అది నాకూ ఇష్టమే. కానీ మొదటి 200కు వచ్చినవాళ్లు మధ్యాహ్నపు ఎండలో, ఎదురుగాలిలో, హైవే అంచున ఒంటరిగా మిగిలిపోవడం ఆ స్వేచ్ఛకు మనం కడుతున్న మూల్యం. వాళ్లలో కొందరు మళ్లీ రారు.

మన హైవే మీద జంట వరుస క్షేమం కాదు. ఎడమ అంచున ఒకరి వెనక ఒకరుగానే పోవాలి, రాంగ్‌రూట్‌లో ఎదురొచ్చే బైకుల మీద కన్నేసి ఉంచాలి. వరుస పొడవైతే సాగుడు ఇంకా ఎక్కువ, కాబట్టి ఎనిమిది, పది మందికి మించని జట్లు కట్టాలి. చలికాలంలో గంటకు 20 చొప్పున తొక్కితే 200కు 10 గంటలు. తిండికి, నీళ్లకు, పంక్చర్లకు మరో రెండు. ఉదయం 5కి లైట్లు వేసుకుని బయల్దేరితే సాయంత్రం 5కి చేరతారు, గడువుకు ఇంకా గంటన్నర మిగులుతుంది. ఎవరి వేగం వాళ్లదన్నప్పుడు అందరూ ఒకే వేగం ఎంచుకోవడానికీ నిబంధనలు అడ్డురావు. ముందు తొక్కే ఇద్దరిని మాత్రం ఆచితూచి ఎంచుకోవాలి. అందరికంటే బలమున్నవాళ్లే కానక్కర్లేదు. ఇలాంటి దారిలో ఎప్పుడో ఒకసారి వెనకబడి, ఒంటరిగా తొక్కినవాళ్లయితే మరీ మంచిది.