స్క్రూ కొనే ముందు గోడ సంగతి

"రెండంగుళాల స్క్రూలు ఓ పది, ప్లగ్గులు ఓ పది ఇయ్యన్నా." సూర్యాపేటలో ఏ హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది. ఏ గోడకో కొనేవాళ్లు చెప్పరు, అమ్మేవాళ్లు అడగరు. బరువు మోసేది స్క్రూ ఒక్కటే కాదు, దాన్ని పట్టుకున్న గోడ కూడా.

మన కోదాడ, మిర్యాలగూడల్లో ఒకే వీధిలో ఎన్ని రకాల గోడలో! ఎర్ర ఇటుక, బూడిద ఇటుక, లోపల బోలుగా ఉండే సిమెంటు దిమ్మె, బురదతో కట్టిన పాత రాతిగోడ. ఏ గోడో డ్రిల్లు పొడే చెబుతుంది. మొదట రాలే బూడిదరంగు పొడి ప్లాస్టరింగుది. ఎర్ర ఇటుక గోడలో ఎర్రపొడి మొదలైతేనే ఇటుక తగిలినట్టు. ప్లాస్టరే అరంగుళం ఉంటుంది కాబట్టి, అంగుళం ప్లగ్గు పెడితే అందులో సగానికి పట్టే లేదు. పదిహేను లీటర్ల గీజర్‌లో నీళ్లే 15 కిలోలు. దాన్ని అలాంటి పట్టు మీద వేలాడదీస్తామా?

1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ తయారుచేసిన నైలాన్ ప్లగ్గు కిటుకు చిన్నదే. స్క్రూ దిగేకొద్దీ ప్లగ్గు చీలి, ఉబ్బి, రంధ్రం గోడలను ఒత్తుతుంది. రంధ్రం వదులైనా, లోపల పొడి మిగిలినా ఆ ఒత్తిడి పుట్టదు. అందుకే 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 6 బిట్టే వాడాలి, పొడిని ఊది తీసేయాలి. బోలు దిమ్మెలో మామూలు ప్లగ్గుకు ఒత్తడానికి ఏమీ దొరకదు. దానికి లోపల విచ్చుకునే రకం వేరే ఉంటుంది, అడిగి తీసుకోవాలి. బురదగోడ అతుకులో ఏ ప్లగ్గూ నిలవదు. అక్కడ గోడ తొలిచి సిమెంటుతో చెక్కముక్క బిగించే పాత పద్ధతే నాకు నమ్మకం.

చెక్క దగ్గర నాకు బాధ కలిగించేది సుత్తి. టేకు గుమ్మానికి స్క్రూను సగం దాకా సుత్తితో కొట్టి, మిగతా సగం తిప్పుతారు. కొట్టినంత మేరా చెక్క నారలు తెగిపోతాయి, మరకు పట్టుండదు. ముందు సన్నని బిట్టుతో రంధ్రం చేసి, స్క్రూకు కాస్త సబ్బు రాస్తే చెక్క పగలదు, తలా అరగదు. చవగ్గా దొరికే నల్ల స్క్రూలు జిప్సం బోర్డుల కోసం చేసినవి. గట్టివే, కానీ పెళుసు. బరువైన తలుపు బందులకు వాటిని వాడకండి.

గోడ రకం తెలియకపోతే, ఇల్లు కట్టిన మేస్త్రీని ఒక్కమాట అడిగాకే షాపుకు వెళ్లండి.