‘అవ్వ’ నుంచి ‘అమ్మ’ దాకా: వికారాబాద్ – తాండూరు ప్రాంత బాలల తొలి బడిసంవత్సరం – ఒక విమర్శనాత్మక పరిశీలన

సారాంశం

ఒకటో తరగతిని విద్యావేత్తలు అక్షరాస్యతకు ఆరంభంగా, సాహిత్యకారులు బాల్యస్మృతిగా చూస్తూ వచ్చారు. ఇంటిభాష, బడిభాష తొలిసారి ముఖాముఖి నిలిచే సంవత్సరంగా దాన్ని చదివిన విమర్శ తక్కువ. తెలుగు, ఉర్దూ, కన్నడం, గోర్‌బోలి కలగలిసిన వికారాబాద్ – తాండూరు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ప్రారంభ వాచకాల స్వభావాన్ని, ఉచ్చారణ దోషాల భావనను, ఇదే నేలకు చెందిన గోగు శ్యామల కథల్లోని బడిని, బోధనా మాధ్యమ వివాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఒకటో తరగతి, ఇంటిభాష, వాచకం, మాండలికం, గోర్‌బోలి, గోగు శ్యామల, తాండూరు.

1. ప్రవేశిక

అంగన్‌వాడీలో ఆట, పాట, అన్నం, నిద్రల నడుమ గడిపిన పిల్లవాడు జూన్ నెలలో ఒకటో తరగతి గడప దాటుతాడు. అక్కడి నుంచి అతని రోజుకు గంట కొలత అవుతుంది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని నిర్దేశించింది. ఈ లెక్కలు కాలాన్ని కొలుస్తాయి. ఆ గంటల్లో పిల్లవాడు ఎన్ని మాటలు మాట్లాడాడు, అవి ఎవరి మాటలు అన్నది వాటికి అందదు. ఇదే చట్టంలోని 29వ సెక్షను, సాధ్యమైనంత మేరకు పిల్లల మాతృభాషలోనే బోధన జరగాలని చెప్పింది. ‘మాతృభాష’ అన్న ఆ ఒక్క మాటను తాండూరు వంటి చోట ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

2. సరిహద్దు నేల, ఇంటిభాషలు

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. జిల్లాకు పాలనా సరిహద్దు కొత్తదైనా భాషా సరిహద్దు చాలా పాతది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు ముందు తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రం మారింది గాని చుట్టరికాలు, సంతలు, పెళ్ళి సంబంధాలు సేడం, చించోళి వైపు సాగుతూనే ఉన్నాయి. నిజాం పాలనలో ప్రభుత్వ వ్యవహారాలకు, చదువుకు ఉర్దూ ఆధారం కావడంతో ఆ భాషా పదజాలం ముస్లిమేతరుల ఇళ్ళలోకీ వచ్చి స్థిరపడింది. తండాలలో గోర్‌బోలి ఇంటిభాష. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కందిచేలు పనికి పిలిచిన కుటుంబాలతో మరికొన్ని యాసలు వచ్చి చేరాయి.

ఇటువంటి ఊరి బడిలో ఒకటో తరగతి చాప మీద కూర్చున్న పదిమంది పిల్లలు తల్లిని ఒకే మాటతో పిలవరు. తండా పిల్లకు ఆమె ‘యాడి’. ఉర్దూ మాట్లాడే ఇంట ‘అమ్మీ’. తెలంగాణలోని ఎన్నో శ్రామిక కులాల ఇళ్ళలో ‘అవ్వ’. ఈ వైవిధ్యాన్ని జానపద విశేషంగా నమోదు చేసి వదిలేయడం పరిశోధనకు అలవాటు. కాని ఒకటో తరగతిలో అది బోధనాసమస్యగా మారుతుంది, లేదా బోధనాసంపదగా మారుతుంది. ఏది అవుతుందన్నది ఉపాధ్యాయుని చెవి మీద, వాచకం చూపు మీద ఆధారపడి ఉంటుంది.

3. వాచకం ఊహించుకున్న పిల్లవాడు

తెలుగు నేర్పడంలో రెండు మార్గాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది వర్ణమాలతో మొదలై గుణింతాలు, ఒత్తుల మీదుగా పదానికి చేరే పాత క్రమం. రెండవది చిత్రం నుంచి పదానికి, పదం నుంచి అక్షరానికి వచ్చే క్రమం. రెండవది పిల్లల అనుభవం నుంచి బయలుదేరుతుందని విద్యాశాస్త్రం మెచ్చుకుంది. ఆ మెప్పు సబబే. అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది: చిత్రాన్ని చూడగానే పిల్లవాడి నోట వచ్చే మాట, చిత్రం కింద అచ్చయిన మాట ఒకటే కావాలి. అవి వేరైతే పద్ధతి తలకిందులవుతుంది. తెలిసిన మాట నుంచి తెలియని అక్షరానికి వెళ్ళాల్సిన పిల్లవాడు తెలియని మాట, తెలియని అక్షరం రెండింటినీ ఒకేసారి మోయవలసి వస్తుంది.

‘అవ్వ’ అన్న మాటే దీనికి చక్కని ఉదాహరణ. గోడపటాల్లో, అంగళ్ళలో దొరికే అక్షరమాల పుస్తకాల్లో ‘అ’కు ‘అమ్మ’ స్థిరపడిపోయింది. ‘అవ్వ’ అనే మాట పాఠాల్లో కనిపించినా, అక్కడ ఆమె నెరిసిన జుట్టుతో, చేతికర్రతో ఉండే ముసలమ్మ. ఇంట్లో తల్లిని ‘అవ్వా’ అని పిలిచే పిల్లకు ఆ బొమ్మ ఒక చిక్కుముడి. తన తల్లి పుస్తకంలో ముసలిదైపోయింది, లేదా అసలు లేకుండాపోయింది. పెద్దలకు ఇది చిన్న విషయం. ఆరేళ్ళ పిల్లకు మాత్రం, తన ఇంట్లో అన్నిటికన్నా గట్టిగా తెలిసిన మాట బడిలో తప్పు అయిందన్న తొలి పాఠం.

వాచక రచయితల ఉద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం రాసేవారు ఏదో ఒక మాటను ఎంచుకోక తప్పదు. విమర్శకు గురికావలసింది ఎంపిక చేయడం కాదు, ఎంపిక జరిగిందన్న సంగతిని పుస్తకం దాచడం. ‘మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?’ అన్న ఒక్క ప్రశ్న ప్రతి పాఠం కింద ఉండి, ఆ జవాబును పలక మీదో బోర్డు మీదో రాసే వీలుంటే ‘అమ్మ’ పక్కన ‘అవ్వ’, ‘యాడి’, ‘అమ్మీ’ నిలబడతాయి. అపుడు ‘అవ్వ’, ‘అమ్మ’ రెండూ ‘అ’ అక్షరాన్నే నేర్పుతాయి. వకార ద్విత్వం, మకార ద్విత్వం అన్న తేడా కూడా చెవికి తెలుస్తుంది. అక్షర బోధనకు ఇందులో నష్టం లేదు, లాభమే ఉంది.

4. ‘దోషం’ అనే కొలమానం

తొలి ఏడాదిలో పిల్లలు ఎక్కువగా వినే మాటల్లో ‘సరిగా పలుకు’ ఒకటి. శకారానికి సకారం, ణకారానికి నకారం, ళకారానికి లకారం పలికితే దాన్ని ఉచ్చారణ దోషంగా నమోదు చేస్తారు. మహాప్రాణాలు పలకకపోవడం మరొక దోషం. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇవి దోషాలు కావు, ఆ మాండలికాల ధ్వని వ్యవస్థలు. తక్కువగా భావించే మాండలికానికి కూడా పూర్తి తర్కం, వ్యాకరణం ఉంటాయని అమెరికాలోని నల్లజాతి పిల్లల భాషపై 1969లో విలియం లబోవ్ చేసిన వాదన ఇక్కడికీ వర్తిస్తుంది.

ఇందులో తరచు గమనానికి రాని అంశం ఒకటుంది. గోర్‌బోలి ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది. మహాప్రాణాలు, మూర్ధన్య ణకార ళకారాలు దానికి సహజం. ఇల్లును ‘ఘర్’ అనే పిల్లకు ‘ఘ’ అన్న ధ్వని కొత్త కాదు. ఉర్దూ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికీ ‘ఖ’, ‘భ’, ‘ధ’ అలవాటే. తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలు కష్టపడే చోట, ‘తెలుగు రానివారు’గా వెనుక కూర్చోబెట్టిన పిల్లలు నోటితో ముందుండగలరు. ఆ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ‘ఘ’ పాఠం రోజున తండా పిల్లను పలకమంటాడు, తరగతి ఆమెను అనుసరిస్తుంది. తెలియని ఉపాధ్యాయుడికి ఆమె ఏడాది పొడవునా మౌనంగానే కనిపిస్తుంది. ఒక భాషలో సంపాదించిన భాషాజ్ఞానం మరొక భాష నేర్వడానికి ఊతమవుతుందని 1979లో జిమ్ కమిన్స్ ప్రతిపాదించాడు. తాండూరు తరగతిలో ఆ ప్రతిపాదనకు రూపం ఇలాంటి క్షణాల్లోనే ఏర్పడుతుంది.

5. కథల్లో బడి: గోగు శ్యామల

ఈ ప్రాంతపు బాల్యాన్ని సాహిత్యంలోకి తెచ్చిన రచయితల్లో పెద్దేముల్‌కు చెందిన గోగు శ్యామల ముఖ్యురాలు. ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ సంపుటిలోని కథలు ఈ నేల పలుకుబడితోనే నడుస్తాయి. అన్వేషి పరిశోధన కేంద్రం పూనికతో 2008లో వెలువడిన బాలల కథల శ్రేణిలోనూ ఆమె కథలున్నాయి. అగ్రవర్ణ మధ్యతరగతి ఇంటిని అందరి ఇల్లుగా చూపే బాలసాహిత్యానికి ప్రత్యామ్నాయం వెదకడం ఆ శ్రేణి లక్ష్యం.

‘బడెయ్య’ కథలో బడి మీది ఆశ పిల్లవాడికి పేరే అయింది. కాని కథలో వెలిగేది పలక మీది అక్షరం కాదు. తల్లి కాళ్ళకు చెప్పులు తయారుచేసే ఆ మాదిగ బాలుడి చేతి నేర్పు. తోలు గుణం, కొలత, కుట్టు, ఓర్పు కలిస్తేనే చెప్పు అవుతుంది. గణితం, పదార్థ విజ్ఞానం, కళ అని బడి వేరువేరు గంటల్లో చెప్పేవన్నీ ఆ పనిలో ఒకేచోట ఉన్నాయి. ఇంత తెలిసిన పిల్లవాడిని ‘ఏమీ రానివాడు’గా లెక్కించి మొదలుపెట్టే ఒకటో తరగతి మీద ఈ కథ చేసే విమర్శ పదునైనది.

‘రడం’ కథ మరొక కోణం చూపుతుంది. కూతురిని జోగినిగా మార్చాలన్న ఊరి పెత్తందార్ల నిర్ణయాన్ని ధిక్కరించి తండ్రి ఆమెను చదువుకు పంపుతాడు. దానికి ఆ కుటుంబం పెద్ద మూల్యం చెల్లిస్తుంది. దేవదాసీ అంకిత నిషేధ చట్టం 1988లో వచ్చింది. చట్టానికన్నా ముందు ఆ పిల్లను కాచినవి తండ్రి తెగువ, బడి గోడలు. ‘బడెయ్య’ చదివి బడిని కేవలం అణచివేతగా నిర్ధారించే విమర్శకు ‘రడం’ అడ్డు నిలుస్తుంది. ‘రడం’ చదివి బడిని కేవలం విముక్తిగా కీర్తించే విమర్శకు ‘బడెయ్య’ అడ్డు నిలుస్తుంది. రెండు కథలూ ఒకే రచయిత్రివి, ఒకే నేలవి. బడి కావాలి, ఆ బడి తమను చిన్నచూపు చూడకూడదు అన్న జంట డిమాండు వాటిని కలిపి చదివినపుడే వినబడుతుంది.

తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచయమైన తెత్సుకో కురొయనాగి రచనతో వీటిని పోల్చడం ఉపయోగకరం. అందులోని తొత్తో చాన్‌ను ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించివేస్తారు. తల్లి మరొక బడి వెదికి చేరుస్తుంది. రెండవ బడిని వెదికే వెసులుబాటు ఆ కథకు పునాది. గనిపనికో కూలికో వెళ్ళే తాండూరు తల్లికి ఆ వెసులుబాటు లేదు. ఊళ్ళో ఉన్న ఒక్క బడే మారాలి. ‘రైలుబడి’ని ఉపాధ్యాయ శిక్షణలో ఆదర్శంగా చెప్పేవారు ఈ తేడాను కూడా చెప్పవలసి ఉంది.

6. మాధ్యమ వివాదం

తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022–23 నుంచి 1–8 తరగతులకు ఆంగ్లమాధ్యమం వచ్చింది. ఎదురెదురు పుటల్లో ఆంగ్లం, తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు అందాయి. దీని మీద చర్చ ‘మాతృభాషకు ద్రోహం’, ‘అట్టడుగు వర్గాలకు అవకాశం’ అన్న రెండు కొసల మధ్య సాగింది. మొదటి వాదం తెలుగు మాధ్యమాన్ని పిల్లలందరి మాతృభాషగా భావిస్తుంది. తండా పిల్లకు అది ఎన్నడూ కాలేదు. కనుక ఆమె తల్లిదండ్రులు ఆంగ్లాన్ని కోరడంలో భాషాద్రోహం లేదు. ఎలాగూ పరాయిభాషే అయినపుడు కూలి కన్నా మెరుగైన బతుకు చూపే భాషను వారు ఎంచుకుంటున్నారు.

అయినా రెండవ వాదానికీ ఒక లోపం ఉంది. తెలుగు ఆ పిల్లకు ఇంటిభాష కాకపోయినా సంత భాష, బస్సు భాష. ఆంగ్లం ఆమె చెవిన పడే చోటు తరగతి గది ఒక్కటే. ఆరేళ్ళ వయసులో అర్థం లేని శబ్దాన్ని వల్లె వేయడం చదువుగా స్థిరపడితే, తర్వాతి తరగతులలో ఆ అలవాటును మాన్పడం కష్టం.

దారి లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం బంజారాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో ప్రారంభ వాచకాలు తెచ్చింది. ఇంటిభాషతో మొదలై క్రమంగా తెలుగుకు చేరడం దాని పద్ధతి. అయితే అది ఒకే భాష మాట్లాడే పిల్లలున్న ఆవాసాలను దృష్టిలో పెట్టుకున్న నమూనా. మూడు నాలుగు భాషలు ఒకే చాప మీద కూర్చునే తాండూరు తరగతికి అది యథాతథంగా సరిపోదు. 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కనీస అభ్యసన సామర్థ్యాల మీద దృష్టి పెట్టింది. చదవడం, రాయడం, లెక్కించడం ఎంత వచ్చాయో అది కొలుస్తుంది. ఏ భాష నుంచి బయలుదేరి అక్కడికి వచ్చారో కూడా నమోదైతే తప్ప ఆ కొలత న్యాయమైనది కాదు. ఒకడు ఇంటి నుంచి నాలుగడుగులు నడిచి మెట్టెక్కాడు, మరొకతె వాగు దాటి వచ్చి అదే మెట్టెక్కింది. పట్టికలో ఇద్దరికీ ఒకే గుర్తు పడుతుంది.

7. ముగింపు

తొలి బడిసంవత్సరంలో ఏ భాష ఉండాలన్న చర్చ, ఇంటిమాటకు బడిలో చోటు ఉందా అన్న ప్రశ్నను మరుగుపరచింది. వికారాబాద్ – తాండూరు ప్రాంతం ఆ ప్రశ్నను దాచడానికి వీలులేని చోటు. ఇక్కడ చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు: స్థానిక ఇంటిమాటల పట్టికను ఒకటో తరగతి ఉపాధ్యాయునికి అందించడం, ప్రవేశ సమయంలోనే ఇంటిభాషను నమోదు చేయడం, మాండలిక ఉచ్చారణను దోషాల జాబితా నుంచి తొలగించడం, ఈ నేల కథలను ఉపాధ్యాయ శిక్షణలో పాఠ్యంగా చేర్చడం. జిల్లాలోని కళాశాలల తెలుగు శాఖలు మొదటి పనిని తమ విద్యార్థుల క్షేత్రపర్యటనలతోనే పూర్తి చేయగలవు. మాండలిక పదకోశాలు ఇంతవరకు పండితుల బల్లలకే చేరాయి. అవి ఒకటో తరగతి గోడకు చేరితే, ‘అవ్వ’ అని పిలిచే పిల్ల ‘అమ్మ’ అని రాయడం నేర్చుకుంటుంది, ‘అవ్వ’ను పోగొట్టుకోకుండానే.