కంది కట్టె వంకర

చిన్నప్పుడు ఇటిక్యాలలో కంది కోతలు అయిపోయాకే మా విలువిద్య మొదలయ్యేది. వెదురు బద్దకు పురికొస బిగిస్తే విల్లయిపోయేది. తిప్పలన్నీ బాణంతోనే. కంది కట్టె చూపుకు తిన్నగానే ఉంటుంది. చెక్కుతుంటే రెమ్మ విరిగిన ప్రతిచోటా వంకర బయటపడుతుంది. జొన్న దంటు తిన్ననిదే గానీ నారి దెబ్బకు గణుపు దగ్గర పుటుక్కుమంటుంది. బీచుపల్లి దాకా సైకిల్ తొక్కి కృష్ణ ఒడ్డు రెల్లు కోసుకొచ్చాం. అది గాలికే ఒంగిపోయింది.

ఆ రెల్లు మీద చాలా ఏళ్లు కోపం ఉండేది. శరమంటే బాణం, శరమంటే గడ్డి కూడా కదా, మరి ఇదేం గడ్డి అని. బాణానికి పేరిచ్చింది ముంజ జాతి గట్టి గడ్డి అని, మా ఒడ్డున పూసేది కాశమని తర్వాతెప్పుడో తెలిసింది. పాపం, రెల్లు తప్పేం లేదు.

బాణానికి కోల ఎంచడం చూసింది మాత్రం నల్లమలలో, మన్ననూరు వైపు. ఒక చెంచు పెద్దాయన వెదురు కంకల కట్ట విప్పి ఒక్కోటీ రెండు కొసలా పట్టి వంచాడు. వదలగానే ఎంత బిగువుగా వెనక్కి వస్తుందో చూశాడు. నాకు తిన్నగా కనిపించినవన్నీ పక్కన పారేశాడు. అడిగితే, "వంకరదేముంది సారూ, సెగ చూపితే పోతది. పస లేకుంటే ఏం చేస్తం?" అన్నాడు. నారి పట్టే గాడిని గణుపుకు కాస్త పైన కోశాడు. కింద గణుపు అడ్డం లేకపోతే కోల నిలువునా చీలుతుందట.

బిగువు లెక్క ఉత్తదేం కాదు. విడిచిన బాణం విల్లును ఒరుసుకుంటూ చేపలా వంగి లేస్తూ పోతుంది. ఆ వంపు విల్లు బలానికి సరిపోకపోతే గురి పక్కకు జరుగుతుంది. మన విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ వాడే తరహా కార్బన్ బాణాల మీద ఆ బిగువు అంకె అచ్చేసే వస్తుంది. 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో దొరికిన వేల బాణాల్లో ఎక్కువ వాటికి పాప్లర్ కర్ర వాడారు. వాళ్లకది అందుబాటు, మనకు వెదురు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది. అడవి వెదురు మనం ముట్టరాదు. 2017లో అటవీ చట్టాన్ని సవరించాక పొలం గట్టు వెదురు కోతకు మాత్రం ఆ చిక్కు లేదు. మొన్న చలికాలం మా గట్టు పొదలో ముదురు కంకలు పన్నెండు కోశాను. నీడన ఆరబెట్టాల్సింది, తొందరపడి ఎండలో పెట్టాను. నెర్రెలివ్వకుండా మిగిలినవి మూడు.